లినక్స్‌లో లిబ్రెఆఫీస్: ఏ దారిన వేసుకుంటే ఏ చిక్కు

అప్లికేషన్‌ను ప్రారంభించడం కుదరలేదని, యూజర్ ఇన్‌స్టలేషన్ పూర్తి కాలేదని ఆంగ్లంలో చెబుతూ ఒక చిన్న పెట్టె తెర మధ్యలో నిలిచింది. ముందురోజు సాయంత్రమే లిబ్రెఆఫీస్ అనే ఉచిత ఆఫీసు సూట్ కొత్త వెర్షన్‌ను దించుకొని, కమాండ్‌లు టైప్ చేసే టెర్మినల్‌లో ఒక్క ఎర్రర్ కూడా రాకుండా వేసుకున్నాను. అప్పటికప్పుడు తెరిచి చూసుకున్నాను కూడా. తెల్లవారి మెనూలోని ఐకాన్ మీద నొక్కితే ఈ పెట్టె వచ్చింది. ఇన్‌స్టలేషన్ అన్న మాట కనబడగానే చాలామంది చేసే పనే నేనూ చేశాను: వేసినదంతా తీసేసి మళ్ళీ వేశాను. అదే పెట్టె. దించుకున్న ఫైలు చెడిపోయిందేమోనని మళ్ళీ దించుకొని మూడోసారి వేశాను. అప్పుడూ అదే పెట్టె.

చివరికి టెర్మినల్‌లో ఎల్ఎస్ మైనస్ ఎల్ కమాండ్‌తో నా హోమ్ ఫోల్డర్‌లోని డాట్ కాన్ఫిగ్ ఫోల్డర్ లోపల ఏముందో చూశాను. లిబ్రెఆఫీస్ పేరున్న వరుసలో, యజమాని ఉండవలసిన చోట నా యూజర్ పేరుకు బదులు రూట్ (సిస్టమ్ నిర్వాహకుడు) అని ఉంది. ముందురోజు ఏం జరిగిందో అప్పుడు గుర్తుకొచ్చింది. ప్రోగ్రామును మోసుకొచ్చే ప్యాకేజీలు వేయడానికి వరుసగా ప్రతి కమాండ్ ముందూ నిర్వాహకుడి అధికారమిచ్చే సుడో కొడుతూ వచ్చిన చేయి, ప్రోగ్రామును తెరిచి చూసేటప్పుడు కూడా అలవాటుగా సుడో కొట్టేసింది. ఆ సిస్టమ్‌లో సుడో నా హోమ్ ఫోల్డర్‌నే వాడేది కాబట్టి, తొలిసారి తెరుచుకున్నప్పుడు తయారైన, నా సెట్టింగ్‌లు ఉండే ప్రొఫైల్ ఫోల్డర్ రూట్ సొంతమై కూర్చుంది. మర్నాడు మామూలు యూజర్‌గా వచ్చిన నాకు అందులో రాసే అనుమతి లేదు. తప్పు పూర్తిగా నాదే. సీహెచ్ఓన్ కమాండ్‌తో ఆ ఫోల్డర్ యాజమాన్యాన్ని నా పేరుకు మార్చగానే ప్రోగ్రాము తెరుచుకుంది.

ఈ సమీక్షను ఆ పెట్టెతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. లిబ్రెఆఫీస్ ఉచితంగా దొరికే ఆఫీసు సూట్‌లలో నేను చూసినంతలో అత్యంత సమర్థమైనది. దానిలోని రైటర్ (రాతకు), కాల్క్ (లెక్కలకు), ఇంప్రెస్ (ప్రెజెంటేషన్‌లకు) పనితనం గురించి ఇక్కడ చర్చించబోవడం లేదు. నేను చూడదలచినది లినక్స్‌లో అది కుదురుకునే తీరును మాత్రమే. ఆ కోణంలో దాని ప్రధాన లోపం ఇదే: వేసుకోవడం తేలికగానే అయిపోతుంది గాని, ఆ తర్వాత ఏదైనా చెడితే అది ఇచ్చే సందేశం మనల్ని తప్పు గదిలోకి పంపుతుంది. యూజర్ ఇన్‌స్టలేషన్ అని అది చెప్పేది ప్యాకేజీలు వేయడాన్ని కాదు. ప్రతి యూజర్‌కూ విడిగా తయారయ్యే ప్రొఫైల్‌ను. ప్యాకేజీలను ఎన్నిసార్లు తీసి వేసినా హోమ్ ఫోల్డర్ జోలికి ఎవరూ వెళ్ళరు కాబట్టి, మళ్ళీ వేయడం అనే మందు ఈ జబ్బుకు పనిచేయదు. ప్రొఫైల్ అన్న ఒక్క మాట ఆ పెట్టెలో ఉండి ఉంటే నాకు ఒక పూట మిగిలేది.

ఆ ప్రొఫైల్ సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే సగం చిక్కులకు మూలం అక్కడే ఉంది. డాట్ కాన్ఫిగ్ లోపలి లిబ్రెఆఫీస్ ఫోల్డర్‌లో 4 అనే ఉప ఫోల్డర్, దానిలో యూజర్ అనే మరో ఫోల్డర్ ఉంటాయి. 2013లో వచ్చిన 4.0 వెర్షన్ నాటి ఆ అంకె నేటికీ మారలేదు. 2024 ఆరంభం నుంచి వెర్షన్ సంఖ్యలను సంవత్సరం, నెల లెక్కన 24.2, 24.8 అని పెట్టడం మొదలైనా ఫోల్డర్ పేరు మాత్రం 4గానే ఉంది. అంటే డిస్ట్రిబ్యూషన్ (డెబియన్, ఉబుంటు వంటి లినక్స్ రకం) ఇచ్చిన పాత వెర్షనూ, మనం విడిగా తెచ్చుకున్న కొత్త వెర్షనూ ఒకే కంప్యూటర్‌లో ఉంటే, రెండూ ఒకే ప్రొఫైల్‌ను పంచుకుంటాయి. కొత్త దానిలో వేసుకున్న ఎక్స్‌టెన్షన్‌ను పాతది అర్థం చేసుకోలేక తెరుచుకుంటూనే కూలిపోవచ్చు. అటువంటప్పుడు సేఫ్ మోడ్ ఉపయోగపడుతుంది. 2017లో 5.3 వెర్షన్‌తో వచ్చిన ఈ సౌకర్యం నిజంగా మెచ్చుకోదగినది: హెల్ప్ మెనూ నుంచి గాని, టెర్మినల్‌లో కమాండ్ తర్వాత సేఫ్ మోడ్ ఆప్షన్ ఇచ్చి గాని తెరిస్తే, తాత్కాలికమైన తాజా ప్రొఫైల్‌తో ప్రోగ్రాము నడుస్తుంది. అలా నడిచిందంటే ఇన్‌స్టలేషన్‌లో ఏ లోపమూ లేదని, దోషం ప్రొఫైల్‌దేనని తేలిపోయినట్లే. అప్పుడు ఆ 4 ఫోల్డర్‌కు వేరే పేరు పెట్టి ప్రోగ్రామును మళ్ళీ తెరిస్తే సరిపోతుంది. చెరిపేయవద్దని మాత్రం గట్టిగా చెబుతాను, ఎందుకంటే మీరు నిఘంటువుకు చేర్చుకున్న పదాలు వర్డ్‌బుక్ ఫోల్డర్‌లోనూ, సొంతంగా తయారుచేసుకున్న నమూనాలు టెంప్లేట్ ఫోల్డర్‌లోనూ ఉండేది అందులోనే. వాటిని తర్వాత కొత్త ప్రొఫైల్‌లోకి నకలు చేసుకోవచ్చు.

ఇక వేసుకునే దారుల విషయానికి వస్తే, నాలుగున్నాయి. వాటిలో మొదటిది, అందరికీ ముందు చెప్పవలసినది, డిస్ట్రిబ్యూషన్ సొంత రిపాజిటరీ, అంటే దాని ప్యాకేజీల భండారం. డెబియన్, ఉబుంటు, ఫెడోరా వంటి వాటిలో చాలామందికి లిబ్రెఆఫీస్ ముందే ఉంటుంది. లేకపోతే ఒక్క కమాండ్‌తో వస్తుంది. డిపెండెన్సీల (ప్రోగ్రాముకు కావలసిన ఇతర ప్యాకేజీల) లెక్క ప్యాకేజీ మేనేజర్ చూసుకుంటుంది, భద్రతా సవరణలు మిగతా సిస్టమ్‌తో పాటే వస్తాయి. దీనికి చెల్లించే మూల్యం వెర్షన్ పాతబడటం: డెబియన్ 12లో ఉన్నది 7.4, ఉబుంటు 24.04లో ఉన్నది 24.2. లిబ్రెఆఫీస్ ఆరు నెలలకొకసారి, ఫిబ్రవరిలోనూ ఆగస్టులోనూ, పెద్ద వెర్షన్ విడుదల చేస్తుంది కాబట్టి స్థిరమైన డిస్ట్రిబ్యూషన్‌లు ఎప్పుడూ వెనుకబడే ఉంటాయి. ఉత్తరాలు రాసుకొని లెక్కలు వేసుకునేవారికి ఆ తేడా పట్టించుకోవలసినది కాదు.

ఈ దారిలో ఎదురయ్యే చిక్కులు లిబ్రెఆఫీస్‌వి కావు, ప్యాకేజీ మేనేజర్‌వి. డీపీకేజీ (డెబియన్, ఉబుంటులలో ప్యాకేజీలు వేసే సాధనం) లాక్ దొరకడం లేదన్న ఎర్రర్ వస్తే, వెనుక ఆటోమేటిక్ అప్‌డేట్ నడుస్తున్నదని అర్థం చేసుకొని పది నిమిషాలు ఆగడమే సరైన పని. ఆ లాక్ ఫైలును చెరిపేయమని చెప్పే సలహాలను పాటిస్తే ప్యాకేజీల డేటాబేసే దెబ్బతినవచ్చు. మధ్యలో కరెంటు పోయి సగంలో ఆగినది అయితే, డీపీకేజీకి కాన్ఫిగర్ మైనస్ ఎ ఆప్షన్ ఇచ్చి నడిపి, తర్వాత ఆప్ట్ (apt) ఫిక్స్ బ్రోకెన్ ఇన్‌స్టాల్ చేస్తే సాధారణంగా కుదుటపడుతుంది.

మరొకటి ఉంది, దానిని చూసి చాలామంది ప్రోగ్రామే చెడిపోయిందనుకుంటారు. తక్కువ జాగా కోసం రైటర్ ప్యాకేజీ ఒక్కటే వేసుకున్నప్పుడు, కిటికీలు, బటన్‌లు ఇరవై ఏళ్ళనాటి బూడిదరంగు రూపంలో, మోటు అక్షరాలతో తెరుచుకుంటాయి. డెస్క్‌టాప్‌తో కలిసిపోవడానికి కావలసిన జీటీకే3 లేదా కేడీఈ అనుసంధాన ప్యాకేజీ విడిగా ఉంటుంది, అది రాలేదు కాబట్టి ప్రోగ్రాము జెన్ అనే ప్రాథమిక రూపానికి దిగిపోయింది. హెల్ప్ మెనూలోని అబౌట్ పెట్టెలో వీసీఎల్ అనే వరుస చూస్తే ఏ రూపంలో నడుస్తున్నదో తెలుస్తుంది. అక్కడ జీటీకే3, కేఎఫ్5 వంటి పేరు లేకపోతే ఆ ప్యాకేజీని వేసి ప్రోగ్రామును మూసి తెరవండి. నా అభిప్రాయంలో ఈ ప్యాకేజీని విడిగా ఉంచడం నిర్వాహకులకు సుఖమే గాని, కొత్తగా వచ్చినవారికి అన్యాయం.

రెండో దారి, లిబ్రెఆఫీస్‌ను నడిపించే ది డాక్యుమెంట్ ఫౌండేషన్ స్వయంగా ఇచ్చే టార్ ఫైలు, అంటే అనేక ఫైళ్ళను కట్టిన మూట. కొత్త వెర్షన్ వచ్చిన రోజే కావాలనుకునేవారు ఈ దారి పడతారు, నేనూ అప్పుడప్పుడూ పడుతుంటాను. ఫైలును విప్పితే డెబ్స్ అనే ఫోల్డర్‌లో పదుల సంఖ్యలో చిన్న ప్యాకేజీలు కనబడతాయి. ఆ ఫోల్డర్‌లోకి వెళ్ళి అన్నిటినీ ఒకేసారి డీపీకేజీకి అప్పగించాలి. ఒక్కొక్కదాని మీద మౌస్‌తో నొక్కుతూ పోతే ఒకదానికి మరొకటి డిపెండెన్సీ కావడం వల్ల పని అక్కడే ఆగిపోతుంది. భాషా ప్యాక్‌లు, సహాయ గ్రంథం విడి టార్ ఫైళ్ళుగా ఉంటాయి, మెనూలు తెలుగులో కావాలంటే భాషా ప్యాక్‌నూ అదే వెర్షన్‌లో తెచ్చుకోవాలి. ప్యాకేజీ నిర్మాణం సిస్టమ్ నిర్మాణంతో సరిపడలేదన్న ఎర్రర్ వస్తే, చాలావరకు మీ సిస్టమ్ 32 బిట్‌దని అర్థం; 2019లో 6.3 వెర్షన్ నుంచి ఫౌండేషన్ లినక్స్‌కు 32 బిట్ ఫైళ్ళు ఇవ్వడం మానేసింది, కాబట్టి ఆ కంప్యూటర్‌లకు రిపాజిటరీయే గతి.

ఈ పద్ధతిలో ప్రోగ్రాము అంతా ఆప్ట్ (/opt) అనే డైరెక్టరీలో, వెర్షన్ సంఖ్య ఉన్న సొంత ఫోల్డర్‌లో కూర్చుంటుంది. డిస్ట్రిబ్యూషన్ వెర్షన్ ఉన్నా దానిని తాకదు. ఇది మంచి నిర్ణయమే, అయినా దీని పర్యవసానాలు తెలియకపోతే తికమక తప్పదు. కొత్తది వేసినా పాతదే తెరుచుకుంటున్నదని వాపోయేవారిలో ఎక్కువమందికి జరిగింది ఇదే: టెర్మినల్‌లో లిబ్రెఆఫీస్ అని కొడితే వచ్చేది డిస్ట్రిబ్యూషన్‌ది, ఫౌండేషన్ ఇచ్చినదానికి కమాండ్ పేరులోనే వెర్షన్ సంఖ్య ఉంటుంది. మెనూలో కూడా రెండు ఐకాన్‌లు దాదాపు ఒకేలా ఉండి పక్కపక్కనే నిలుస్తాయి. అంతకన్నా ముఖ్యం, 24.2 మీద 24.8 వేస్తే పాతది తొలగిపోదు, రెండూ ఉంటాయి. మీరు పేరుపెట్టి తీసేయాలి. దీనికి అప్‌డేట్‌లు అందించే ఆప్ట్ (apt) రిపాజిటరీ కూడా లేదు కాబట్టి, భద్రతా సవరణ వచ్చిన ప్రతిసారీ టార్ ఫైలు దించుకోవడం మీ బాధ్యత. ఆ బాధ్యతను రెండేళ్ళపాటు గుర్తుంచుకుంటామన్న నమ్మకం లేనివారికి ఈ దారిని సిఫారసు చేయను.

ఇక్కడే ఒక పాత చుట్టరికం చిక్కు కూడా చెప్పాలి. జర్మనీలో పుట్టిన స్టార్‌ఆఫీస్‌ను 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ కొన్నది, 2000లో దాని సోర్స్‌ను ఓపెన్ఆఫీస్‌గా బయటపెట్టింది. 2010లో సన్ ఒరాకిల్ చేతికి వెళ్ళాక, ఆ ఏడాది సెప్టెంబరు 28న కొందరు విడిపోయి లిబ్రెఆఫీస్‌ను ప్రకటించారు. ఓపెన్ఆఫీస్ 2011లో అపాచీ ఫౌండేషన్‌కు చేరింది. అన్నదమ్ములు విడిపోయినా ఇంటి తాళంచెవి మాత్రం ఇద్దరి దగ్గరా ఉండిపోయింది: నేటికీ రెండు ప్రోగ్రాములనూ నడిపే కమాండ్ పేరు సోఫీస్, అందులోని ఎస్ స్టార్‌ఆఫీస్ నాటిది. అందుకే డిస్ట్రిబ్యూషన్ ఇచ్చిన లిబ్రెఆఫీస్ ఉన్న కంప్యూటర్‌లో అపాచీ ఓపెన్ఆఫీస్ మెనూ ప్యాకేజీని వేయబోతే, యూఎస్ఆర్ బిన్‌లోని సోఫీస్ ఫైలు ఇప్పటికే లిబ్రెఆఫీస్ కామన్ ప్యాకేజీకి చెందినదని, దానిని చెరిపి రాయలేనని డీపీకేజీ నిరాకరిస్తుంది. బలవంతపు ఆప్షన్ ఇచ్చి దానిని దాటించడం సాధ్యమే, కాని ఆ తర్వాత ఏ పత్రం మీద నొక్కితే ఏది తెరుచుకుంటుందో చెప్పలేని స్థితి వస్తుంది. రెండింటిలో ఒకదానిని ఎంచుకొని రెండోదానిని సమూలంగా తీసేయడం మేలు. ఎంచుకోవలసినది ఏదని అడిగితే, క్రమంగా కొత్త వెర్షన్‌లు వస్తున్న లిబ్రెఆఫీస్ అనే నా జవాబు.

మూడో దారిలో ఫ్లాట్‌ప్యాక్, స్నాప్ రెండూ వస్తాయి. రెండూ ప్రోగ్రామును దాని డిపెండెన్సీలతో సహా ఒక పెట్టెలో పెట్టి ఇస్తాయి. డిస్ట్రిబ్యూషన్ ఎంత పాతదైనా కొత్త వెర్షన్ వస్తుంది, అప్‌డేట్‌లూ వస్తాయి. ప్రొఫైల్ కూడా పెట్టెతో పాటు విడిగా ఉంటుంది: ఫ్లాట్‌ప్యాక్‌ది డాట్ వర్ ఫోల్డర్ కింద, స్నాప్‌ది స్నాప్ ఫోల్డర్ కింద. పైన చెప్పిన పంచుకునే చిక్కు దీనివల్ల తప్పుతుంది, కాని పాత సెట్టింగ్‌లు, చేర్చుకున్న పదాలు ఏమైపోయాయని వెతుక్కోవలసి వస్తుంది. అవి పోలేదు, పాత చోటనే ఉన్నాయి, చేతితో నకలు చేయాలి.

స్నాప్‌తో నాకు నచ్చనివి రెండు. ప్రోగ్రాము కుదించిన ఫైలు నుంచి నడుస్తుంది కాబట్టి, పాత హార్డ్ డిస్క్ ఉన్న కంప్యూటర్‌లో తొలిసారి తెరుచుకోవడానికి చాలాసేపు పడుతుంది. ఏమీ జరగడం లేదనుకొని మళ్ళీ మళ్ళీ నొక్కడం సహజం, అది మరింత ఆలస్యానికి దారితీస్తుంది. రెండోది అనుమతుల సంగతి. పెన్‌డ్రైవ్‌లోని పత్రం ఫైల్ మేనేజర్‌లో చక్కగా కనబడుతుంది, తెరవబోతే అనుమతి లేదంటుంది. తొలగించగల పరికరాలకు అనుమతి విడిగా కలపాలి. స్నాప్ కనెక్ట్ కమాండ్‌తో లిబ్రెఆఫీస్‌కు రిమూవబుల్ మీడియా అనుమతి ఇస్తే ఆ గోడ తొలగుతుంది. హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే దాగిన ఫోల్డర్‌లను మాత్రం మామూలు అనుమతితో స్నాప్ చూడలేదు. పోల్చి చూస్తే ఫ్లాట్‌ప్యాక్ ఈ విషయంలో ఉదారంగా ఉంటుంది, జావాను కూడా తనలోనే తెచ్చుకుంటుంది. జాగా ఎక్కువ తింటుందన్నది నిజమే గాని, ఈ మూడో దారిలో నేను ఓటు వేసేది దానికే.

నాలుగోది యాప్‌ఇమేజ్. ఒకే ఫైలు, నడిచే అనుమతి ఇచ్చి నొక్కితే చాలు, వేయడం అన్నదే ఉండదు. ఉబుంటు 22.04 నుంచి మాత్రం దానికి కావలసిన ఫ్యూజ్ 2 లైబ్రరీ ముందుగా ఉండదు కాబట్టి, నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు; కారణం టెర్మినల్ నుంచి నడిపితేనే కనబడుతుంది. ఇక్కడ వేయవలసినది లిబ్ ఫ్యూజ్ 2 మాత్రమే. పొరపాటున ఫ్యూజ్ అనే పాత ప్యాకేజీని వేస్తే అది ఫ్యూజ్ 3ను, దానితో పాటు డెస్క్‌టాప్‌కు అవసరమైన భాగాలనూ తొలగించే ప్రమాదం ఉంది. ఆప్ట్ చూపించే తొలగింపుల జాబితాను చదవకుండా అవునని కొట్టేవారికి ఇది బాగా అనుభవమవుతుంది.

ఏ దారిన వచ్చినవారికైనా ఎదురయ్యే మిగతా సంగతులను త్వరగా చెబుతాను. ఐకాన్ మీద నొక్కితే ఏమీ జరగకపోతే, కూలిపోయిన పాత ప్రాసెస్ వెనుక మిగిలి ఉండవచ్చు. కొత్త పిలుపు దానికే వెళ్ళి మౌనంగా అంతమవుతుంది. సోఫీస్ డాట్ బిన్ పేరుతో నడుస్తున్న ప్రాసెస్‌ను ఆపి మళ్ళీ తెరవండి. టెర్మినల్‌లో, జావాను వెతికే జావాఎల్‌డీఎక్స్ విఫలమైందన్న హెచ్చరిక చూసి కంగారుపడనవసరం లేదు: రైటర్, కాల్క్‌ల మామూలు పనికి జావా అక్కరలేదు, డేటాబేస్ భాగమైన బేస్‌లోని పాత ఇంజిన్‌కూ కొన్ని విజార్డ్‌లకూ మాత్రమే కావాలి.

వేరే ఆఫీసు సూట్‌లో తయారైన పత్రం వరుసలు తప్పి, రెండు పేజీలది మూడు పేజీలకు పాకితే, అది చాలాసార్లు లిబ్రెఆఫీస్ దోషం కాదు, ఫాంట్ లేని లోటు. కాలిబ్రీకి కార్లిటో, కేంబ్రియాకు కాలడియా, ఏరియల్, టైమ్స్ న్యూ రోమన్‌లకు లిబరేషన్ ఫాంట్‌లు అక్షరాల వెడల్పులో సరిగ్గా సమానంగా ఉండేలా చేసినవి. వాటిని వేస్తే పేజీలు చాలావరకు తమ చోటికి వస్తాయి. తెలుగు రాసేవారు ఇంకొకటి గమనించాలి: ఆప్షన్‌ల పెట్టెలోని భాషల పేజీలో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్‌కు టిక్కు పెట్టి, తెలుగును ఎంచుకోవాలి. అది లేకపోతే, అక్షరాలు కనబడినా ఫాంట్ పరిమాణాన్ని మార్చే మెనూ తెలుగు భాగాన్ని పట్టించుకోనట్లు ప్రవర్తిస్తుంది. తెలుగుకు విడిగా ఫాంట్, పరిమాణం ఉంటాయన్న సంగతి తెలియక చాలామంది ఫాంట్‌నే నిందిస్తారు.

మొత్తానికి లిబ్రెఆఫీస్‌కు లినక్స్‌లో కుదురుకునే తీరుకు 5లో 4 ఇస్తాను. తగ్గించిన ఒక్కటీ ఆ పెట్టెలోని మాటలకు. ప్రస్తుతం నా కంప్యూటర్‌లో రోజువారీ పనికి డిస్ట్రిబ్యూషన్ వెర్షనే ఉంది. కొత్త వెర్షన్‌ను చూడాలనిపించినప్పుడు ఫ్లాట్‌ప్యాక్‌ది తెరుస్తాను. వాటి ప్రొఫైల్‌లు వేరు కాబట్టి రెండూ ఒకదాని జోలికి ఒకటి పోవు. టెర్మినల్‌లో ప్రోగ్రామును తెరిచే ముందు మాత్రం, వరుస మొదట్లో సుడో ఉందేమోనని ఇప్పటికీ ఒకసారి చూసుకుంటున్నాను.